డెన్నిస్ రిచీ – యూనిక్సు ద్వారము

ఇంటికి తలుపు, తలుపునకు తాళము, తాళమునకు చెవి యుండుట యెల్లరు నెఱిఁగినదే. కాని చెవి త్రిప్పినను తాళము రానప్పు డేమి చేయవలయునో యెఱిఁగినవారు తక్కువ. కొందఱు తాళమును తిట్టుదురు. కొందఱు తలుపును తన్నుదురు. వివేకి యైనవాఁడు మాత్రము దీపము తెచ్చి వంగి చూచును. తాను తెచ్చిన చెవి తనదేనా, తాళముపైఁ గ్రొత్త గీఁత లేమైనఁ బడినవా, రాత్రి తలుపు కడ నెవరైన నిలిచిన జాడ యున్నదా యని విచారించి, పిమ్మటఁ గాని చేయి చాఁపఁడు.

నేఁడు కంప్యూటరు ముందు కూర్చుండు ప్రతివానికిని ఇట్టి తలు పొకటి యెదురగుచున్నది. తన పేరు వ్రాసి, పాస్‌వర్డు అను రహస్యపదము నిచ్చినఁ గాని యంత్రము లోనికి రానీయదు. ఒక్కొక్కప్పుడు మనము సరిగనే వ్రాసితిమని తలఁచినను, ప్రవేశము చెల్లదని మాత్రము చెప్పి యూరకుండును. పేరు తప్పో, రహస్యపదము తప్పో చెప్పదు. ఈ పొడిమాట యేల? ఇది మన పొరపాటా, లేక మన పేరుతో మఱియొకఁడు తలుపు తట్టుచున్నాఁడా? ఈ ప్రశ్నలకు సమాధానము నొక మహనీయుని చరిత్రమునందు వెదకి మా తోడి విద్యార్థుల యెదుట నుంచఁ బూనితిమి. ఆ మహనీయుఁడు యూనిక్సు అను వ్యవస్థను నిర్మించిన యిరువురిలో నొకఁడైన డెన్నిస్ రిచీ. తాను కట్టిన యింటి తలుపు లెచ్చట బలహీనములో తానే లోకమునకుఁ జెప్పిన యీతని నిష్కాపట్యమును ముఖ్యముగా వివరింపఁ గోరుచున్నాము.

బాల్యము – విద్య

డెన్నిస్ మెకాలిస్టెయిర్ రిచీ 1941వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు రాష్ట్రమందలి బ్రాంక్స్‌విల్ అను పట్టణమున జన్మించెను. తండ్రియైన ఆలిస్టెయిర్ రిచీ బెల్ ప్రయోగశాలలలోఁ బనిచేసిన శాస్త్రజ్ఞుఁడు. టెలిఫోను సంభాషణలను ఒక తీఁగెనుండి మఱియొక తీఁగెకు మార్చు యంత్రములను గూర్చి సహచరులతోఁ గలిసి గ్రంథము వ్రాసినవాఁడు. కుటుంబము తరువాత న్యూజెర్సీ రాష్ట్రమందలి సమ్మిట్ పట్టణమునకుఁ దరలిపోయెను. రిచీ యచ్చటి హైస్కూలులోఁ జదివి యుత్తీర్ణుఁడై హార్వర్డు విశ్వవిద్యాలయమునఁ జేరెను.

అచ్చట నతఁడు అభ్యసించినది భౌతికశాస్త్రము. 1963లోఁ బట్టము వడసెను. కాని విద్యార్థి దశలోనే కంప్యూటరును గూర్చిన యుపన్యాస మొకటి విని, దానియందు మనసు నిలిపెను. పిమ్మట అనువర్తిత గణితమునందుఁ బై చదువు సాగించి, 1968 నాటికి సిద్ధాంతవ్యాసమును వ్రాసి ముగించెను. అయినను వ్యాసమునకు అట్ట కట్టించిన ప్రతిని గ్రంథాలయమున కొసఁగు నియమము నెఱవేర్చనందున డాక్టరు పట్టము మాత్ర మతనికి రాలేదు. పట్టము లేదను కొఱఁత నతఁడు తన పనికి అడ్డుగాఁ దలఁపలేదు. భౌతికశాస్త్రజ్ఞుఁడగుటకుఁ దన బుద్ధి చాలదని హార్వర్డులోఁ దెలిసికొంటి ననియు, గణనపద్ధతుల సిద్ధాంతములలోఁ బండితుఁ డగుటకును నది చాలదని పై చదువులలోఁ దెలిసికొంటి ననియు నతఁడు తరువాతి కాలమునఁ దన్ను గూర్చి నిస్సంకోచముగా వ్రాసికొనెను. తన కొఱఁతను దాఁచుకొనని యీ స్వభావమును చదువరులు గుర్తుంచుకొనవలయును. ముందు చెప్పఁబోవు కథయంతయు దీనినుండియే మొలకెత్తినది.

1967లో నతఁడు తండ్రి పనిచేసిన బెల్ ప్రయోగశాలలలోనే, న్యూజెర్సీయందలి మర్రేహిల్ అను చోట, ఉద్యోగమునఁ జేరెను.

యూనిక్సు పుట్టుక

ఆ కాలమునఁ గంప్యూటరు లనఁగా గది నిండిన యంత్రములు. ఒక్కొక్క మనుష్యున కొక్కొక్క యంత్రము నిచ్చుట యెవరి తరమును గాదు. కాఁబట్టి ఒకే యంత్రమును అనేకు లొకే వేళ వాడుకొను పద్ధతిని పండితులు కల్పించిరి. మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో ఫెర్నాండో కోర్బటో నాయకత్వమున 1961లో నట్టి వ్యవస్థ యొకటి నడచెను. ఒక యింట ననేకులు కాఁపురము చేయునప్పు డెవరి పెట్టె వారికిఁ దాళము వేసికొనుట యవసరము గదా! అట్లే యచ్చట నొక్కొక్కరికి నొక్కొక్క రహస్యపద మేర్పడెను.

ఆ వ్యవస్థలోనే 1960వ దశకము నడుమ నొక వింత జరిగెను. ఒక యధికారి ఆనాఁటి ప్రకటనను, మఱియొక యధికారి రహస్యపదముల పట్టికను ఒకే సమయమున దిద్దుచుండిరి. దిద్దుబాటునకు వాడు తాత్కాలిక పత్రములు రెంటికి నొకటే పేరగుటచే నవి తాఱుమాఱయ్యెను. దాని ఫలితముగా, లోనికి వచ్చిన ప్రతివానికిని స్వాగత ప్రకటనకు బదులు అందఱి రహస్యపదములును కన్నులయెదుట నచ్చు పడెను! దొంగ యొక్కఁడైన లేకయే యింటి గుట్టంతయు బయటఁ బడెను. ప్రవేశద్వారమునఁ గానవచ్చు వింత సందేశ మెల్ల శత్రువుని పని కాదనియు, కాకున్నను దానిని ఉపేక్షింపరాదనియు నీ యుదంతము తెలుపుచున్నది.

పిమ్మట ఆ సంస్థయు, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయు, బెల్ ప్రయోగశాలలును గలిసి మల్టిక్సు అను మిక్కిలి పెద్ద వ్యవస్థ నారంభించెను. రిచీయు నందుఁ బనిచేసెను. పని సాగిసాగి ముగియకుండుటచే 1969లో బెల్ ప్రయోగశాలలు దానినుండి తొలఁగెను. రిచీకిని, అతని మిత్రుఁడైన కెన్ థామ్సనుకును మంచి వ్యవస్థ యొకటి చేజాఱిన విచారము మిగిలెను. ఆ వేసవిలో థామ్సను భార్య పసిబిడ్డతోఁ గూడ బంధువుల యింటికిఁ బోయియుండఁగా, అతఁ డెవరును అంతగా వాడని పీ.డీ.పీ.–7 అను చిన్న యంత్రముపైఁ గూర్చుండి, కొలఁది వారములలోఁ గ్రొత్త వ్యవస్థకుఁ బునాది వేసెను. రిచీ మొదటినుండియు నతనికిఁ దోడ్పడెను. మల్టిక్సు పేరును ఎగతాళి చేయుచు నీ చిన్న వ్యవస్థకు యూనిక్సు అని పేరు పెట్టిరి.

1971 నవంబరులో దాని మొదటి కూర్పు వివరణ గ్రంథము వెలువడెను. ఆ సంస్థలోని పేటెంటు శాఖవారు తమ పత్రములను సిద్ధము చేసికొనుటకు దీనిని తొలుతఁ జేపట్టిరి. 1972 ప్రాంతమున రిచీ ‘సీ’ అను నొక్క యక్షరమే పేరుగాఁ గల ప్రోగ్రాము భాషను రూపొందించెను. 1973లో యూనిక్సు ముఖ్యభాగము నంతయు నా భాషలోఁ దిరుగవ్రాసిరి. అంతకు ముందు ఒక యంత్రమునకై వ్రాసినది మఱియొక యంత్రమునకుఁ బనికిరాకుండెను. ఇప్పుడు యూనిక్సు ఏ యంత్రమునకైనఁ దరలింపఁ దగినదయ్యెను. 1974లో వారిరువురును ప్రకటించిన వ్యాసము దేశదేశముల విశ్వవిద్యాలయములకు దీని సంగతి తెలియఁజేసెను. 40,000 డాలర్ల యంత్రముపైనను శక్తిగల వ్యవస్థ నడువఁగలదనియు, ముఖ్యమైన ప్రోగ్రాములకు వెచ్చించిన శ్రమ ఇరువురు మనుష్యుల యొక యేఁటి పనికన్నఁ దక్కువ యనియు నందు వారు తెలిపిరి. 1978లో బ్రయన్ కెర్నిహానుతోఁ గలిసి రిచీ ‘సీ’ భాషను గూర్చి వ్రాసిన చిన్న గ్రంథము నేఁటికిని విద్యార్థులు చదువుచున్నారు.

ద్వారమును గూర్చిన చింత

ఇఁక మన ముఖ్యవిషయమునకు వత్తము. యూనిక్సులో రూట్ అను సర్వాధికారి యొకఁడుండును. అతని కన్ని పత్రములును తెఱచియే యుండును. రహస్యపదముల పట్టికను అతఁడు దప్ప నితరులు దిద్దరాదు. కాని సామాన్యుఁడు తన రహస్యపదమును దాను మార్చుకొనవలదా? ఈ చిక్కును రిచీ యొక చక్కని యుపాయముచే విడఁదీసెను. ఒక ప్రోగ్రామును ఎవరు నడిపినను, దాని యజమానుని యధికారముతోనే యది నడచునట్లు గుర్తు పెట్టవచ్చునని యేర్పాటు చేసెను. ఖజానా తాళపుచెవి ప్రజల చేతి కీయక, చెవి గల గుమాస్తానుండి ఒక్క పని మాత్రము చేయించుకొన నిచ్చుట వంటి దిది. దీనికి 1979లోఁ బేటెంటు లభించెను. పిమ్మట నది యెల్లరి యుపయోగమునకు విడిచిపెట్టఁబడెను. అయితే గుమాస్తా యమాయకుఁడైనచో ఖజానాయే పోవును. ఆ భయమును రిచీ యెన్నఁడును మఱుఁగుపఱుపలేదు.

యూనిక్సు ఏడవ కూర్పు 1979లో వెలువడినప్పుడు, దానితోడి వివరణ గ్రంథములలో యూనిక్సు భద్రతను గూర్చి రిచీ వ్రాసిన చిన్న వ్యాస మొకటి చేరెను. వర్తకుఁ డెవఁడైనను తన సరకును బొగడుకొనును. రిచీ యట్లు చేయలేదు. యూనిక్సును కట్టునప్పుడు భద్రత తమ ముఖ్యోద్దేశము కాదని మొట్టమొదటనే యొప్పుకొనెను. ఒక్క సామాన్యుఁడు చిన్న ప్రోగ్రాముతో యంత్రమునంతయు స్తంభింపఁజేయఁగలఁడని చూపెను. సర్వాధికారి యను భావమే రక్షణపద్ధతికిఁ గళంకమని చెప్పెను. అన్నిటికన్న ముఖ్యముగా, దొంగద్వారపు మోసము నొకదానిని వర్ణించెను. అది యెట్లనఁగా: ఒకఁడు పేరు నడుగు సందేశమును అచ్చముగా నిజమైనదానివలెఁ జూపు చిన్న ప్రోగ్రామును వ్రాసి, దానిని నడపి, యంత్రమును విడిచి పోవును. తరువాత వచ్చిన యమాయకుఁ డది నిజమైన ద్వారమని నమ్మి పేరును, రహస్యపదమును వ్రాయును. అవి దొంగ పత్రములోఁ జేరును. ఇట్టి ప్రోగ్రాము పిమ్మటఁ బ్రవేశము చెల్లదని యొక యబద్ధమాడి తాను తప్పుకొన్నచో, రెండవసారి నిజమైన ద్వారమే యెదురగును, ప్రవేశము కలుగును. వచ్చినవాఁడు మొదట తన వ్రేలు తప్పినదని తలఁచి యా మాట మఱచును. అనుమానింపవలసిన సందేశము సామాన్య సందేశమువలెనే యుండుట యిందలి విషము.

ఇదే కాలమున రిచీ సహచరుఁడైన రాబర్టు మోరిసును, థామ్సనును రహస్యపదములను గూర్చి పరిశోధించిరి. యూనిక్సులో రహస్యపదమును ఉన్నదున్నట్లు వ్రాసి యుంచరు. ధాన్యమును విసరి పిండి చేయవచ్చును గాని పిండిని మరల ధాన్యము చేయరాదు గదా! అట్లే రహస్యపదమును మరల రాఁబట్టరాని గూఢరూపముగా మార్చి యుంచుదురు. లోనికి రాఁగోరువాఁ డిచ్చిన పదమును గూడ నట్లే మార్చి, రెండును సరిపోయినవేమో చూతురు. మోరిసు, థామ్సనులు ఆ మార్పును బుద్ధిపూర్వకముగా నిదానము చేసిరి. అందుచే నొక్కసారి వచ్చు మనుష్యునికి నష్టము లేదు; లక్షలసారు లూహించి చూచు దొంగకు మాత్రము దినములు పట్టును. ఉప్పు అను పేరుతో నొక చిన్న సంఖ్యను గూడఁ గలిపి, ఒకే పదము 4,096 రూపములలో నేదైనను గావచ్చునట్లు చేసిరి.

పిమ్మట వారు జనులు వాస్తవముగా వాడుచున్న 3,289 రహస్యపదములను సేకరించి చూచిరి. వానిలో 2,831, అనఁగా నూటికి 86, మిక్కిలి పొట్టివో, నిఘంటువులలో దొరకునవో, సులభముగా నూహింపఁదగినవో యై యుండెను. తాళ మెంత గట్టిదైననేమి, చెవిని గుమ్మము క్రిందనే యుంచు జనులున్నంతకాలము?

ఈ పరిశోధనలోనే మఱియొక సూక్ష్మము బయటఁబడెను. పేరు తప్పైనను, రహస్యపదము తప్పైనను, ద్వారమునఁ జెప్పవలసిన మాట యొకటే కావలయును. పేరు లేదని వేఱుగాఁ జెప్పినచో, ఏ పేర్లు కలవో దొంగకుఁ దెలియును. మాటను వారు సరిగనే యమర్చిరి. కాని క్రొత్త నిదానపు పద్ధతి వచ్చిన పిమ్మట, పేరు నిజమైనదైనచోఁ బ్రత్యుత్తరమునకు సుమారు అర సెకను పట్టుచుండెను. లేని పేరైనచో గూఢరూపముగా మార్చు పనియే లేదు గనుక వెంటనే వచ్చుచుండెను. నోరు దాఁచినదానిని ఆలస్యము చెప్పివేయుచుండెను! దీనిని గనుఁగొని, లేని పేరునకుఁ గూడ నా శ్రమయంతయుఁ బడునట్లు ప్రోగ్రామును దిద్దిరి. యంత్రము మనకు పొడిగాఁ బలుకుటకుఁ గారణ మిదియే. అది పొగరు కాదు. తెలియనివానితో మితముగా మాటలాడు మంచి ద్వారపాలకుని మర్యాద.

1983వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము రిచీ, థామ్సనులకుఁ గలిపి యొసఁగఁబడెను. ఆ సందర్భమున థామ్సను చేసిన యుపన్యాసము శ్రోతలను భయపెట్టెను. ప్రవేశమును పరీక్షించు ప్రోగ్రామును చదివిన నందుఁ దప్పేమియుఁ గానరాకుండ, దానిని యంత్రభాషలోనికి మార్చు పరికరమునందే దొంగత్రోవను దాఁచవచ్చునని యతఁడు చూపెను. 1988 నవంబరు 2వ తేదీన ఇంటర్నెట్టునందు వ్యాపించిన పురుగు వంటి ప్రోగ్రా మొకటి వేలకొలఁది యంత్రములను క్రుంగఁజేసెను. అది లోనఁ బ్రవేశించిన మార్గములలో సులభమైన రహస్యపదముల నూహించుట యొకటి. దానిని వ్రాసినవాఁడు రాబర్టు మోరిసు కుమారుఁడే యగుట విధివైపరీత్యము.

అనుమానపు సందేశమును పరీక్షించు విధము

ఈ పెద్దలు నేర్పిన పాఠములనుండియు, వారి తరువాతివారి యనుభవమునుండియు, మన కుపయోగించు పద్ధతి నిచ్చట సంగ్రహింతుము.

మొదట మన చెవిని మనము చూచుకొనవలయును. యూనిక్సునకుఁ బెద్ద యక్షరములును చిన్న యక్షరములును వేఱు వేఱు. కీలుపలకపైఁ బెద్ద యక్షరముల మీట పడియున్నచో సరియైన పదమును తప్పగును. పూర్వపు యూనిక్సులోఁ బేరంతయుఁ బెద్ద యక్షరములతో వ్రాసినచో, ఆ యంత్రమునకుఁ జిన్న యక్షరములే లేవని తలఁచి, వ్యవస్థ తరువాతి మాటలన్నియుఁ బెద్ద యక్షరములతోనే చూపుచుండెను. అది చూచి బెదరినవారి కది దొంగపని కాదని యెవరైనఁ జెప్పవలసి వచ్చెడిది. గడువు తీఱిన ఖాతా, నిండిపోయిన డిస్కు, పత్రముల యనుమతులలోని పొరపాటు – ఇవియు ద్వారమును మూయును.

రెండవది, చిట్టా చూడవలయును. ద్వారపాలకుఁడు తెలియనివానితో మితముగా మాటలాడినను, యజమానునికై యన్నియు వ్రాసి యుంచును. వచ్చి పోయినవారి చిట్టా తొలినాళ్లనుండియు యూనిక్సులోఁ గలదు. విఫలమైన ప్రయత్నముల చిట్టా పిమ్మట వచ్చెను. అయితే ఒక్క సంగతి: ఆ పుస్తకము నెవరైనఁ దొలఁగించినచో, ప్రవేశించు ప్రోగ్రాము క్రొత్తది తెఱువదు, వ్రాఁత యంతటితో నాఁగును. కాఁబట్టి ఖాళీ చిట్టాను జూచి సంతోషింపరాదు. అదియే మిక్కిలి యనుమానింపఁదగినది.

మూఁడవది, చిట్టాలోని వరుసను జదువవలయును. ఒకే పేరుమీఁద వందలకొలఁది వైఫల్యములున్నచో నొకఁ డా తాళమునే పట్టుకొని చెవులు మార్చి చూచుచున్నాఁడు. అనేకమైన పేర్లమీఁద నొక్కొక్క వైఫల్యమున్నచో నతఁడు వీధి పొడుగునను తలుపులు త్రోసి చూచుచున్నాఁడు. మన యింట లేని పేర్లతో వచ్చునవి పెక్కులు ఇంటర్నెట్టునందుఁ దిరుగు స్వయంచాలక ప్రోగ్రాముల పని. మన లోపలి యంత్రమునుండియే గంటగంటకుఁ దప్పక వచ్చు వైఫల్యము తఱచుగాఁ బాత రహస్యపదముతో నడచుచున్న మఱచిన ప్రోగ్రామునిది. భయపడవలసినది వైఫల్యముల వరుస చివర నున్న యొక్క విజయమును జూచి. ఆ విజయము మనదో కాదో, ఆ గడియలో మన మచ్చట నుంటిమో లేదో నిర్ణయింపవలయును. ఇందులకు యంత్రము గడియారము సరిగా నున్నదో లేదో ముందే చూచుకొనుట మేలు.

నాలుగవది, చిట్టాను గూడఁ గాపాడవలయును. తొందరలోఁ బేరు వ్రాయవలసినచోట రహస్యపదమును వ్రాయువారు పలువురు. అది తప్పుపేరుగాఁ జిట్టాకెక్కును. కావుననే విఫలప్రయత్నముల చిట్టాను సర్వాధికారి తప్ప నితరులు చదువరాదని నియమము. రహస్యపదముల గూఢరూపములను గూడఁ దొలినాళ్లలో నెవరైనను జదువఁగలుగుచుండిరి. 1980వ దశకమునుండి వానిని వేఱొక పత్రములో మఱుఁగున నుంచుచున్నారు.

ఐదవది, సరియైన పదము నిచ్చియు మొదట వైఫల్యము, వెంటనే విజయము కలిగినచో, రిచీ వర్ణించిన దొంగద్వారమును దలఁచుకొని, నమ్మదగిన మఱియొక యంత్రమునుండి రహస్యపదమును మార్చుకొనవలయును. చిట్టాకుఁ బ్రతి తీసి యుంచి, బాధ్యుఁడైన యధికారికిఁ దెలుపవలయును. సిగ్గుచేతనో భయముచేతనో ఆ సందేశమును దాఁచుట యన్నిటికన్నఁ జెడ్డపని.

కడపటి దినములు

రిచీ తరువాతి సంవత్సరములలో ప్లాన్–9, ఇన్ఫెర్నో అను వ్యవస్థల నిర్మాణమునకుఁ దోడ్పడెను. 1999లో రాష్ట్రపతి క్లింటను అతనికిని థామ్సనుకును 1998వ సంవత్సరపు జాతీయ సాంకేతిక పతకమును బహూకరించెను. 2007లో నతఁ డుద్యోగమును విరమించెను. 2011లో వారిరువురకు జపాను బహుమానము లభించెను; ఆ యేఁడు జపానులో ఘోరమైన భూకంపము సంభవించినందున దానిని మర్రేహిల్ నందే యొసఁగిరి. అతఁడు వివాహము చేసికొనలేదు, మితభాషి, తనపేరి మూఁడు పొడి యక్షరములతోనే తోడివారికిఁ బరిచితుఁడు. 2011 అక్టోబరు 12వ తేదీన న్యూజెర్సీలోని బర్కిలీ హైట్స్ నందు, ఒంటరిగా నివసించు నింటిలో, అతఁడు మరణించి యుండుట తెలిసెను. అప్పటి కతని వయస్సు 70 సంవత్సరములు. వారము దినములకు ముందు మరణించిన స్టీవ్ జాబ్సును గూర్చి లోకమంతయు మాటలాడుకొనుచుండెను. జాబ్సు కంపెనీ యంత్రములలోని వ్యవస్థయు యూనిక్సు సంతతియే యని యెఱిఁగినవారు మాత్రమే రిచీ మరణమునకు విలపించిరి. రాబర్టు మోరిసును ఆ యేఁటనే, జూను మాసములో, మృతి నొందెను.

2019లో నొక చిన్న వింత జరిగెను. బర్కిలీలోఁ దయారైన పాత యూనిక్సు ప్రతులతోఁ జిక్కిన రహస్యపదముల పట్టికను కొందఱు నేఁటి వేగవంతమైన యంత్రములతో విప్పిరి. అందు రిచీ రహస్యపదము బయటఁబడెను. అది అతని పేరిలోనిదే యగు డీ–ఎం–ఏ–సీ అను నాలుగక్షరముల ముక్క! మోరిసు, థామ్సనులు బలహీనములని లెక్కించిన తరగతిలోనిదే. ద్వారము కట్టినవాఁడును మన వంటి మనుష్యుఁడే. నవ్వుకొనుటకుఁ గాదు, నేర్చుకొనుటకై దీనిని వ్రాసితిమి. తెలివి గలవారి చేతను దప్పులు జరుగును. కాఁబట్టియే తప్పును జూపు చిట్టా కావలయును, దానిని జదువు నోపిక కావలయును.

సోదర విద్యార్థులారా! రిచీ పట్టము లేకున్నను గొప్పవాఁ డయ్యెనని విని చదువును నిర్లక్ష్యము చేయకుఁడు. అతనినుండి గ్రహింపవలసినది వేఱు. తన చేతిపనిలోని లోపమును ఇతరులు కనుఁగొనక మున్నే తాను కనుఁగొని, వ్రాసి, పదుగురి యెదుట నుంచెను. ఆ వ్రాఁతవలన యూనిక్సునకు అపకీర్తి రాలేదు. చదివినవారు తలుపులను బిగించిరి, నాఁటినుండి నేఁటివఱకు బిగించుచునే యున్నారు. మన లెక్కలో వచ్చిన తప్పును మాసి వేయక దాని క్రింద గీఁత గీసి యుంచుదము. యంత్రము మనలను నిరాకరించినప్పుడు విసుగుకొనక, ఆ పొడిమాటకు వెనుక నేమి యున్నదో దీపము తెచ్చి చూతము. ద్వారముకడ నొక్క నిమిషము నిలిచి విచారించినవాని యిల్లు పదిలముగా నుండును.